చాగుమ్ ఏమయ్యాడని అడిగిన పిల్ల తరఫున: తెలుగు ప్రచురణకర్తలకు, అనువాదకులకు బహిరంగ లేఖ

తెలుగు ప్రచురణకర్తలకు, అనువాదకులకు, పిల్లల పుస్తకాల సంపాదకులకు నమస్కారాలు.

నేను హనుమకొండలో ఉంటాను. పుస్తకాలు రాసేదాన్ని కాదు, అచ్చువేసేదాన్నీ కాదు. కొని చదువుకునేదాన్ని, చదివినవాటిలో నచ్చినవి ఇంట్లోవాళ్లకు వినిపించేదాన్ని. పోయిన చలికాలంలో దాదాపు 40 రోజుల పాటు, రాత్రి అన్నాలయ్యాక, ఒక జపాన్ నవలను ఇంగ్లీషు అనువాదంలోంచి చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ వచ్చాను. వినేవాళ్లు ఇద్దరు: 11 ఏళ్ల మా అమ్మాయి, మంచం మీద పడుకుని కళ్లు మూసుకునే అన్నీ వినే మా అత్తమ్మ. ఆ నవల మీద నాకు కలిగిన ఇష్టం ఎంత గట్టిదో, అసంతృప్తి కూడా అంత గట్టిదే. ఆ అసంతృప్తిలో ఎంత భాగం రచయిత్రి మీద, ఎంత భాగం ఆ పుస్తకం మా ఇంటిదాకా వచ్చిన దారి మీద అన్నది నేను తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకునే వీలు కల్పించగలిగినవారు మీరే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ఆ నవల పేరు ‘సెయిరెయ్ నో మోరిబితో’. రచయిత్రి ఉఎహాషి నహోకో. జపాన్‌లో 1996లో వచ్చింది. జపాన్‌లోనే చాలాకాలంగా స్థిరపడిన కాథీ హిరానో ఇంగ్లీషులోకి అనువదించగా 2008లో అమెరికాలో వెలువడింది. వేరే భాష నుంచి వచ్చిన పిల్లల పుస్తకాలకు అక్కడి గ్రంథాలయ సంఘం ఇచ్చే బాచెల్డర్ అవార్డు 2009లో దానికి వచ్చింది. 2014లో ఉఎహాషికి పిల్లల రచయితలకిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం దక్కింది. ఈ కథను 2007లో 26 భాగాల యానిమేగా, అంటే జపాన్ బొమ్మల ధారావాహికగా తీశారు. ఆ యానిమే చూసినవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు గానీ, దాని వెనక ఒక నవల ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు.

కథ సంగతి కొంచెం చెప్పక తప్పదు. బల్సా 30 ఏళ్ల స్త్రీ. బల్లెం ఆమె ఆయుధం, డబ్బు తీసుకుని మనుషులకు కాపలా కాయడం ఆమె వృత్తి. కొత్త యోగో అనే రాజ్యంలో ఒక నది దాటుతుండగా, వంతెన మీద ఎద్దుబండిలోంచి నీళ్లలో పడిన 11 ఏళ్ల పిల్లవాణ్ణి ఆమె కాపాడుతుంది. వాడు చాగుమ్, ఆ దేశపు రెండో రాకుమారుడు. వాడి ఒంట్లోకి ఏదో చేరిందని, దేవుడి వంశం మైలపడిందని కన్నతండ్రి అయిన చక్రవర్తే వాణ్ణి గుట్టుగా చంపించాలనుకుంటున్నాడు. తల్లి బల్సాను రహస్యంగా పిలిపించి బిడ్డను అప్పగిస్తుంది. పిల్లవాడిలో ఉన్నది దయ్యం కాదు, ఒక నీటి ఆత్మ పెట్టిన గుడ్డు. నూరేళ్లకొకసారి ఆ ఆత్మ మన లోకంలో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు బతికి బయటపడితేనే మేఘాలు పుడతాయి, లేకపోతే దేశమంతా కరువు. దాన్ని తినడానికి అవతలి లోకం నుంచి రారుంగా అనే ప్రాణి వస్తుంది. ఒకపక్క రాజుగారి వేటగాళ్లు, మరోపక్క ఈ ప్రాణి. మధ్యలో ఒక ఆడమనిషి, ఒక పసివాడు.

నేను ‘చందమామ’ ధారావాహికలు చదివి పెరిగాను. దాసరి సుబ్రహ్మణ్యం గారి కథ, దాని పక్కన చిత్రా గారి బొమ్మ, నెల తిరిగేదాకా ఆగలేని ఆ తహతహ నాకు ఇప్పటికీ గుర్తే. నాకు గుర్తున్నంతవరకు ఆ సాహసాల్లో ముందు నడిచేవాళ్లు యువకులే. మోరిబితోలో ముందు నడిచే స్త్రీకి 30 ఏళ్లు. పెళ్లి కాలేదు, ఒంటి నిండా పాత గాయాల మచ్చలున్నాయి. ఒక పోరాటంలో దెబ్బ తిని పడిపోతే, రాజభవనం గడప దాటి ఎరగని చాగుమ్ చీకట్లో పరుగెత్తి సాయం తెస్తాడు. వచ్చి ఆ గాయానికి కుట్లు వేసేది టాండా అనే మగవాడు. మందుమొక్కలు ఏరేదీ, వంట చేసేదీ, ఎప్పుడు తిరిగొస్తుందో తెలియని మనిషి కోసం కొండ మీది గుడిసెలో ఎదురుచూసేదీ అతనే. ఇదేదో గొప్ప విషయమన్నట్టు రచయిత్రి ఒక్క మాట కూడా అనదు. లోకంలో మామూలుగా జరిగే పని చెప్పినట్టు చెప్పి ముందుకు వెళ్తుంది. మా అమ్మాయి ఆ రాత్రి, “బల్సా దవాఖానకు ఎందుకు పోదు?” అని తప్ప ఇంకేమీ అడగలేదు. బల్సా ఆడమనిషి అన్న సంగతి అసలు ఆ పిల్లకు ప్రశ్నగానే తోచలేదు. ఒక్క ఆ రాత్రి కోసమే ఈ పుస్తకానికి నేను రుణపడి ఉంటాను.

బల్సా గతం గురించి వచ్చే అధ్యాయాలు కూడా అంతే బలమైనవి. ఆమెను చిన్నతనంలో కాపాడడానికి తండ్రి స్నేహితుడు జిగురో సొంత దేశాన్ని వదిలి పారిపోతాడు. వెంటాడి వచ్చినవాళ్లలో తన స్నేహితులే 8 మంది అతని చేతిలో చనిపోతారు. ఆ 8 ప్రాణాలకు బదులు 8 మందిని కాపాడాలని బల్సా మొక్కుకుంటుంది. ప్రాణాలను అలా లెక్క కట్టి తీర్చడం కుదరదని ఆమెకు పోనుపోను తెలిసివస్తుంది. పిల్లల పుస్తకంలో చావును ఇంత నిజాయితీగా రాయడం నేను చాలా తక్కువగా చూశాను.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం చరిత్ర గురించి ఈ నవల చెప్పే సంగతి. యోగో వాళ్లు సముద్రం దాటి వచ్చినవాళ్లు. అంతకుముందు ఆ నేల యాకూలది. యోగో రాజ్యపు మూలపురుషుడు నీటి రాక్షసుణ్ణి చంపి దేశాన్ని కాపాడాడని పండుగల్లో పాడతారు, పిల్లలకు నేర్పుతారు. యాకూ ముసలివాళ్లకు తెలిసిన కథ వేరు. అది రాక్షసుడు కాదు, వాన తెచ్చే ప్రాణి. అప్పట్లో గుడ్డు మోసింది యాకూ పిల్లవాడు. ఆ కథలో సగం యాకూలే మరిచిపోయారు. రాజభవనంలో షుగా అనే యువ జ్యోతిష్కుడు తాళం వేసి దాచిన పాత రాతిపలకలు చదివి మిగతా సగం తెలుసుకుంటాడు. జనం నోట మిగిలిందీ, రాజు దాచిందీ రెండూ కలిస్తేగానీ ఆ పిల్లవాణ్ణి కాపాడే దారి దొరకదు.

ఈ భాగం నడుస్తుండగా మా అత్తమ్మ లేచి కూర్చుంది. “గిది మేడారం కథ లెక్కనే ఉన్నది” అంది. నాకు ఒళ్లు జలదరించింది. మేడారం మాకు దూరం కాదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి నిలువెత్తు బంగారమని బెల్లం తూకం వేసి మొక్కు చెల్లించి వచ్చే కుటుంబం మాది. కరువు వచ్చి కప్పం కట్టలేని కోయల మీదికి కాకతీయ సేన రావడం, కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం వదలడం, అప్పటి నుంచి అది జంపన్న వాగు కావడం, సమ్మక్క చిలకలగుట్ట మీద మాయమై కుంకుమ భరిణెగా కనిపించడం కోయలు తరతరాలుగా చెప్పుకుంటున్న కథ. అదే కాకతీయుల గురించి బడి పుస్తకాల్లో చెరువులూ, గుళ్లూ, తోరణాలూ ఉంటాయి. రెండు జ్ఞాపకాలూ మా నేల మీదివే. జపాన్‌లో ఒకావిడ కల్పించి రాసిన దేశం గురించి వింటూ, బడికి పోని మా అత్తమ్మ ఆ ముడి పట్టుకుంది. ఊహాకథల వల్ల పిల్లలకు ఏం లాభమని అడిగేవారికి నేను చెప్పగలిగిన జవాబు ఇదే.

ఉఎహాషికి ఇది ఊసుపోక తట్టిన ఆలోచన కాదు. ఆమె మానవశాస్త్రవేత్త, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆదివాసుల మధ్య ఉండి పరిశోధన చేసినవారు. వాళ్ల కథలను ఎత్తుకొచ్చి రంగు మార్చి అమ్ముకోకుండా, ఓడిపోయినవాళ్ల జ్ఞాపకం ఎలా చెదిరిపోతుందో, ఎక్కడ మిగులుతుందో అర్థం చేసుకుని దాని చుట్టూ సొంతంగా ఒక లోకాన్ని కట్టుకున్నారు. ఈ నవల వచ్చేనాటికి జపాన్‌లో అక్కడి ఆదివాసులైన ఐను ప్రజల మీద 1899 నాటి చట్టం ఇంకా అమల్లోనే ఉంది. వాళ్లను జపనీయుల్లో కలిపేసుకోవాలనే ఉద్దేశంతో చేసిన ఆ చట్టాన్ని 1997లో గానీ రద్దు చేయలేదు. యాకూలు ఐనులే అని నేను అనడం లేదు. అలాంటి ప్రశ్నలున్న దేశంలో ఈ పుస్తకం పుట్టిందని గుర్తుచేస్తున్నాను.

ఇక నా అసంతృప్తి సంగతి. కథ మంచి ఊపులో ఉండగా పాత్రలు కూర్చుని ఒకరికొకరు పురాణం వివరించుకోవడం మొదలుపెడతారు. మంత్రగత్తె తొరోగాయ్ చెబుతుంది, టాండా చెబుతాడు, షుగా తనలో తాను అనుకుంటాడు. రెండు లోకాల పేర్లు, ప్రాణుల పేర్లు, పూల పేర్లు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి. అలాంటి రాత్రుల్లో మా అమ్మాయి నిద్రపోయేది. ఇది మూలంలోనే ఉన్న బరువా, లేక జపనీస్‌లో సంభాషణగా సాగే మాట ఇంగ్లీషులో ఉపన్యాసంగా మారిందా? నాకు తెలిసే మార్గం లేదు. రెండోది ఇంకా లోతైన అసంతృప్తి. యాకూల జ్ఞానమంతా ఖర్చయి చివరికి కాపాడింది వాళ్ల నేలను ఆక్రమించిన వంశపు వారసుణ్ణే. అన్న చనిపోవడంతో చాగుమ్ యువరాజై రాజభవనానికి వెళ్లిపోతాడు. యాకూలు కొండ అంచున, ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. వాన అందరికీ కురుస్తుంది, నిజమే. కానీ జ్ఞాపకం ఎవరిదో వాళ్లకు ఏం మిగిలింది? తన తరువాతి పుస్తకాల్లో రచయిత్రి ఈ ప్రశ్నను మళ్లీ ఎత్తుకుందేమోనని ఆశపడ్డాను. ఆ ఆశ ఎందుకు తీరలేదో కాసేపట్లో చెబుతాను.

అంతకన్నా ముందు ‘నువ్వు’ అనే మాట గురించి చెప్పాలి. కాథీ హిరానో 1999లో అమెరికాలోని ‘హార్న్ బుక్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. జపనీస్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి ఎన్ని మాటలున్నాయో, వాటన్నింటినీ ఇంగ్లీషులో ఒక్క మాటలోకి దించాల్సి రావడం ఎంత కష్టమో అన్నది ఆ వ్యాసం సారం. దాని శీర్షికలోనే ‘నువ్వు’ అనడానికి 8 పద్ధతులు అని ఉంటుంది. తన చేతిలో జారిపోతున్నదేమిటో ఆమెకు బాగా తెలుసు. ఆమె అనువాదాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఒక్క మాటతో ఎవరు మాత్రం ఏం చేస్తారు?

కానీ ఆ ఇంగ్లీషును ముందుపెట్టుకుని తెలుగు చెప్పాల్సివచ్చిన నాకు, మొదటి రాత్రే చిక్కు వచ్చిపడింది. బల్సా చాగుమ్‌ను ఏమని పిలవాలి? తల్లి సమక్షంలో ‘తమరు’ అనిపించాను. నగరం దాటాక ‘మీరు’ అనిపించాను. ఇద్దరూ కొండల్లోకి చేరి చలికాలమంతా ఒక గుహలో గడిపే భాగం వచ్చింది. వాడు కట్టెలు మోస్తున్నాడు, వంట నేర్చుకుంటున్నాడు, బల్సా దగ్గర కుస్తీ పట్లు నేర్చుకుంటున్నాడు. నేను ‘మీరు’ దగ్గరే ఉండిపోయాను. అప్పుడు మంచం మీది నుంచి అత్తమ్మ, “ఇంకా గా పిలగాన్ని మీరు మీరు అంటదేంది ఆమె? ఒక్క పొయ్యి మీద వండుకొని తింటున్నరు గదా!” అంది. నేను ఆగిపోయాను. ఆమె అన్నది నిజం. వాళ్లిద్దరి మధ్య ‘మీరు’ ఏదో ఒక రోజు ‘నువ్వు’ అయి ఉండాలి. అది ఏ పేజీలో? గాయం కట్టిన రాత్రా? నాకే ఎందుకు ఈ గతి అని పిల్లవాడు కోపంతో ఏడ్చిన నాడా? జపనీస్‌లో ఆ మలుపు ఎక్కడో ఒకచోట కచ్చితంగా ఉంటుందని నా నమ్మకం. ఇంగ్లీషులో దాని జాడ నాకు దొరకలేదు. చివరికి నేనే ఒక పేజీ ఎంచుకుని, ఆ రాత్రి నుంచి ‘నువ్వు’ అనిపించాను. మా అమ్మాయి వెంటనే గమనించి నవ్వింది. ఆ నవ్వు తెప్పించిన మాటను అక్కడ పెట్టింది నేను, రచయిత్రి కాదు. అలా పెట్టే హక్కు నాకు లేదని తెలిసీ పెట్టాను.

తొరోగాయ్ దగ్గర ఇంకో తప్పు చేశానేమోనని ఇప్పటికీ బాధపడుతున్నాను. ఆమె యాకూ ముసలామె. మాట కటువు, భయమంటే తెలియదు. నాకు తెలియకుండానే ఆమె నోట మా అత్తమ్మ మాట పెట్టాను, రాజభవనంలోవాళ్ల నోట పుస్తకాల తెలుగు పెట్టాను. చక్రవర్తిని ఇంగ్లీషులో ‘మికాడో’ అని ఉంచితే, నేను ‘ఏలినవారు’ అన్నాను. ఇంట్లో అందరికీ అది హాయిగా అనిపించింది, తొరోగాయ్ మా మనిషి అయిపోయింది. కానీ తరువాత నాకు తోచింది: రాజుకు ఒక తెలుగు, కొండ మనిషికి ఒక తెలుగు అని విడదీస్తే, సినిమాల్లో మాండలికం మాట్లాడేవాణ్ణి ఏ పాత్రలో కూర్చోబెడుతూ వచ్చారో నేనూ అదే చేసినట్టు కాదా? ఉఎహాషి యాకూల మాటను అలా వేరుచేసి చూపారా, లేదా? ఒక మంచి అనువాదకుడు మూలం దగ్గర కూర్చుని, సంపాదకుడితో వాదించి తేల్చాల్సిన ప్రశ్న ఇది. రాత్రిపూట పుస్తకం చేతబట్టుకున్న ఒక తల్లి తేల్చేది కాదు.

మా వీధిలో ఒక అబ్బాయి జపాన్‌లో ఉద్యోగం కోసం జపనీస్ నేర్చుకుంటున్నాడు. నా అనుమానాలు చెప్పుకుంటే ఓపిగ్గా కొన్ని సంగతులు చూపించాడు. ‘మోరి’ అంటే కాపలా, ‘హితో’ అంటే మనిషి. రెండూ కలిస్తే ‘మోరిబితో’. హ బ అయింది. “తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవుతారు కదా ఆంటీ, అట్లనే” అన్నాడు. బడిలో నేర్చుకున్న గసడదవాదేశం లాంటిదే ఇన్నేళ్లకు జపాన్ మాటలో ఎదురుపడింది! ఇంగ్లీషులో దాన్ని ‘గార్డియన్’ అన్నారు. మనకు ‘కావలి’ ఉంది. పొలం కావలి, తోట కావలి, మంచె కట్టుకుని రాత్రంతా మేలుకునే కావలి మనిషి ఉన్నారు. ఈ నవలలో గుడ్డుకు చాగుమ్ కావలి, చాగుమ్‌కు బల్సా కావలి. నిద్ర మానుకుని ఇంకొకరి పంటను కాచే మనిషి అన్న అర్థం ఆ మాటలో మనకు పుట్టుకతోనే ఉంది. ఆ అబ్బాయి ఇంకో వాక్యం కాగితం మీద రాసి చూపించాడు: ‘కవా ని ఓచిత కో’. కవా నది, ని లో, ఓచిత పడిన, కో పిల్లవాడు. నదిలో పడిన పిల్లవాడు! ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపనక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు దీన్ని చెప్పాలంటే పిల్లవాణ్ణి ముందుకు తెచ్చి, నదిని చివరికి నెట్టాలి. ఆ ఇంగ్లీషును పట్టుకుని నేను మళ్లీ అన్నీ తిరగేసి తెలుగు చేయాలి. నలభై రాత్రులు నేను చేసిన పని అదే. ఒకసారి తిరగబడినదాన్ని మళ్లీ తిరగేయడం. క్రియ చివర వచ్చే భాష నుంచి క్రియ చివర వచ్చే భాషలోకి, మన్ననల తేడాలున్న భాష నుంచి మన్ననల తేడాలున్న భాషలోకి నేరుగా నడిచే దారి ఉండగా, మనం ఇంకా చుట్టు తిరిగి వస్తున్నాం.

ఇక తీరని ఆశ సంగతి. జపనీస్‌లో ఈ ప్రధాన కథ 10 సంపుటాలు. 1996లో మొదలై 2007లో ముగిసింది. ఇంగ్లీషులో మొదటిది 2008లో, రెండోది 2009లో వచ్చాయి. రెండోదానికి కూడా 2010లో బాచెల్డర్ గౌరవం దక్కింది. ఆ తరువాత ఆ ప్రచురణకర్త మూడో సంపుటం తేలేదు. బాచెల్డర్ అవార్డు ఇచ్చేది రచయితకో అనువాదకుడికో కాదు, ప్రచురణకర్తకు. పరాయి భాషల పుస్తకాలు తెచ్చినందుకు మెచ్చుకుని ఇంకా తెమ్మని ప్రోత్సహించే పురస్కారం అది. రెండుసార్లు ఆ మెప్పు పొందిన వరుస కూడా రెండు దగ్గరే నిలిచిపోయింది. రెండో సంపుటంలో బల్సా తన దేశం కన్‌బల్‌కు వెళ్తుంది. అది బీద కొండ దేశం. అక్కడి మహా రహస్యం తెలిసినవాళ్లు రాజులు కారు, పొట్టివాళ్లయిన పశువుల కాపర్లు. రచయిత్రి మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి వచ్చిందని నాకు సంతోషం కలిగింది. కానీ ఆ పుస్తకంలో చాగుమ్ రాడు. అది పూర్తయిన రాత్రి మా అమ్మాయి, “అమ్మా, మరి చాగుమ్ ఏమైండు?” అని అడిగింది. జవాబు ఉంది. యువరాజుగా అతడు సముద్రం మీద పరాయి రాజ్యాలకు వెళ్తాడు, దక్షిణాన తాల్ష్ సామ్రాజ్యం తన దేశం మీదికి వస్తుంటే దాని నోట పడతాడు. అదంతా రాసి, అచ్చయి, ఒక దేశపు పిల్లలు చదివి పెద్దవాళ్లు కూడా అయిపోయారు. మా అమ్మాయికి నేను నాలుగు ముక్కల్లో చెప్పగలిగింది అంతవరకే. నాలుగు ముక్కలు కథ కాదు కదా!

ఈ సంగతులు చెప్పుకుని ఒక తెలుగు ప్రచురణ సంస్థ వారిని అడిగాను. మర్యాదగానే జవాబిచ్చారు. తెలుగులో పిల్లలు చదవరని, చదివే పిల్లలు ఇంగ్లీషులోనే చదువుతారని, అందులోనూ జపాన్ పేర్లు నోరు తిరగవని అన్నారు. వారి ఇబ్బంది నాకు అర్థం కాకపోలేదు, కాగితం ఖర్చు నాకు తెలియదనీ అనను. కానీ పేర్లు నోరు తిరగవన్న మాటను ఒప్పుకోలేను. ‘రైలుబడి’ ద్వారా తొత్తోచాన్ మన ఇళ్లలో సొంత పిల్ల అయిపోయింది కదా! జపాన్ యానిమే ఇప్పుడు తెలుగు డబ్బింగులో వస్తోంది, ఆ పేర్లు మా అమ్మాయి స్నేహితులు కొండపల్లి, నిర్మల్ అన్నంత తేలిగ్గా పలుకుతున్నారు. తెలుగులో జపాన్ కథ వినడానికి చెవి సిద్ధంగా ఉంది. చదవడానికి పుస్తకమే లేదు.

మిమ్మల్ని కోరేది ఇది. ఈ నవలను గానీ, ఇలాంటి మరొకదాన్ని గానీ, ఇంగ్లీషు చేతుల మీదుగా కాక జపనీస్ నుంచే తెలుగులోకి తెప్పించండి. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ చెబుతున్నారు. జపాన్ సహకారంతో నిలదొక్కుకున్న ఐఐటీ మనకు సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఏటా మన పిల్లలు ఉద్యోగాల కోసం ఆ భాష నేర్చుకుని విమానం ఎక్కుతున్నారు. వాళ్లలో కథలు ఇష్టపడేవాళ్లు ఉండకపోరు. ఒకరు మూలం చదివి నోటితో చెబుతుంటే, చేయి తిరిగిన తెలుగు రచయిత పక్కన కూర్చుని రాసినా మంచిదే. ఇద్దరి పేర్లూ అట్ట మీద వేయండి. విదేశీ ప్రచురణకర్తలకు అనువాద, ముద్రణ ఖర్చుల్లో కొంత భరించే పథకం జపాన్ ఫౌండేషన్ నడుపుతోంది, ఢిల్లీలో వారి కార్యాలయం ఉంది. ఒక్కరైనా దరఖాస్తు పెట్టి చూడండి. పెట్టేటప్పుడు ఒక సంపుటానికి కాక, కనీసం చాగుమ్ కథ ఒక దరికి చేరేంతవరకు ఆలోచించి పెట్టండి. మధ్యలో ఆపేసిన వరుస పిల్లలకు ఏమీ ఇవ్వకపోవడం కన్నా ఎక్కువ బాధ పెడుతుంది. ఆ బాధ నేను ఇంట్లో చూస్తున్నాను.

అనువాదకులకు విడిగా ఒక మాట. కథను తేలిక చేయకండి. చావులు తీసేయకండి, యాకూల బాధను మెత్తబరచకండి, పిల్లలకు అర్థం కాదని రాతిపలకల అధ్యాయాలు కోసేయకండి. నిద్రపుచ్చే వివరణలు మూలంలోనే ఉంటే ఉండనివ్వండి. అప్పుడు మా ఫిర్యాదు నేరుగా రచయిత్రి మీదే పెట్టుకుంటాం, నచ్చనిది ఆవిడదే అని తెలిసి నచ్చలేదంటాం. యాకూల ముసలామె ఏ తెలుగు మాట్లాడాలన్నది మాత్రం తొందరపడి తేల్చకండి. కోయ, గోండు నేపథ్యం నుంచి వచ్చిన రచయితలకు రాతప్రతి చూపించి, వారు అన్నది విని అప్పుడు నిర్ణయించండి.

ఆ 40 రాత్రుల్లో అత్తమ్మ అడిగిన ప్రశ్నలు, మా అమ్మాయి ఆపిన చోట్లు, నేను తడబడిన మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. మీలో ఎవరైనా ఈ పని తలపెడితే ఆ పుస్తకం మీకు పంపుతాను. అందులో మొదటి పేజీలో ఉన్నది అత్తమ్మ ప్రశ్నే: బల్సా ఆ పిల్లవాణ్ణి ‘నువ్వు’ అన్నది ఏ రోజు?

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు